తొండ కోసం నాలుగు రోజులు

అసలు నేను వెళ్లాల్సింది జైసల్మేర్‌కి. థార్ ఎడారిలో సాండా అనే ముళ్లతోక తొండ ఉంటుంది. దాన్ని దాని బొరియ ముందు, దాని ఎండలోనే చూడాలని చాలా ఏళ్లుగా కోరిక. మా చిన్నప్పుడు విజయనగరం సంతలో ఆ తొండ కొవ్వుతో తీసిన నూనె అమ్మేవాళ్లు కూర్చునేవారు. గుడ్డ పరిచి, దాని మీద బతికున్న తొండల్ని నడుం విరిచి పడుకోబెట్టేవారు. అవి పారిపోలేక కళ్లు మాత్రం తిప్పుతూ ఉండేవి. మోకాళ్ల నొప్పులకని జనం ఆ నూనె కొనుక్కుపోయేవారు. అది ఆకులూ గడ్డీ తిని బతికే సాధుజీవి అనీ, తోకలో దాచుకున్న కొవ్వు దాని కరవురోజుల తిండి అనీ తర్వాతెప్పుడో చదివాను. ఆ కళ్లు మాత్రం మరిచిపోలేదు.

మే నెలలో థార్‌కి టిక్కెట్లు కొన్నందుకు ఇంట్లో అందరూ నవ్వారు. వాళ్ల నవ్వు ఆగేలోపే ఆఫీసులో ఆడిట్ వచ్చిపడి పది రోజుల సెలవు కాస్తా నాలుగు రోజులైంది. నాలుగు రోజుల్లో జైసల్మేర్ అంటే రైల్లో కూర్చుని వెళ్లి, రైల్లోనే కూర్చుని రావడం. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మిత్రుడికి ఫోన్ చేసి నా గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన ఓదార్చలేదు.

"నీకు కావాల్సింది ఏమిటి? ఇసుక, ఎండ, తొండ. మూడూ కళింగపట్నంలో ఉన్నాయి. విశాఖ నుంచి పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి శ్రీకాకుళంలో ఉంటావు" అన్నాడు.

ఆయన చెప్పింది సిటానా అనే చిన్న తొండ గురించి. మగదాని గొంతు కింద విసనకర్రలా విచ్చుకునే చర్మం ఉంటుంది. 1829లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే పుదుచ్చేరి నుంచి వెళ్లిన నమూనాను చూసి ఈ జాతికి పేరు పెట్టాడు. అంటే రెండు వందల ఏళ్లుగా పుస్తకాల్లో ఉన్న జీవి. మా ఇంట్లో మాత్రం దానికి ఇంకా గుర్తింపు రాలేదు. "తొండను చూడటానికి లాడ్జి ఖర్చా? మన పెరట్లో కంచె మీద రోజూ కూర్చుంటుందిగా!" అంది మా ఆవిడ.

మొదటి రోజు

విజయనగరం, చీపురుపల్లి, పొందూరు దాటి శ్రీకాకుళం రోడ్ స్టేషన్. పేరుకు శ్రీకాకుళమే గానీ ఊరు ఆమదాలవలస. అక్కడి నుంచి మళ్లీ ఆటో. పొందూరులో రైలు ఆగినప్పుడు, అక్కడి సన్న ఖద్దరుకు పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారన్న సంగతి గుర్తొచ్చింది. చేప పళ్లకు దువ్వెన పని అప్పగించిన జిల్లా, తొండను చూడటానికి వచ్చినవాణ్ని మరీ పిచ్చివాడిగా చూడదులే అనుకున్నాను. ఆ నమ్మకం సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

శ్రీకాకుళంలో లాడ్జిలో సంచి పడేసి, భోజనం చేసి, కళింగపట్నం బస్సెక్కాను. ముప్పై కిలోమీటర్ల లోపే. వంశధార సముద్రంలో కలిసే చోటు. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. ఇప్పుడు దీపస్తంభం, గట్టు మీద పడవలు, ఆరబెట్టిన వలలు, సెలవు రోజుల్లో వచ్చే పిల్లా జల్లా. నేను దిగేసరికి అయిదు దాటింది. తీరం పొడవునా ఒక గంట నడిచాను. ఎర్రటి పీతలు వందల్లో కనిపించాయి. కుక్కలు కనిపించాయి. తొండ అనేది ఒక్కటీ లేదు.

ఐసు బండి అబ్బాయిని అడిగాను.

"తొండలా? ఆ ఖాళీలో ఏముంటాయి సార్?" అని సరుగుడు తోటకీ సముద్రానికీ మధ్య ఇసుక వైపు చెయ్యి ఊపాడు. కాస్త ఆగి, "దేవుడి కోసం వచ్చేవాళ్లు అరసవల్లి వెళతారు. గాలి కోసం వచ్చేవాళ్లు ఇక్కడికి వస్తారు. తొండల కోసం వచ్చింది మీరొక్కరే" అన్నాడు. కోప్పడటానికి లేకుండా నవ్వుతూ అన్నాడు. ఒక ఐసు కొనుక్కున్నాను.

పక్కనే ఎండుచేపలు గంపకెత్తుకుంటున్న పెద్దావిడ ఈ మాటలన్నీ వింటోంది. "చీకటి పడ్డాక ఎక్కడ దొరుకుతాయి బాబూ? పొద్దున్నే రండి. చేపలు ఆరేసే వేళకి అవీ ఎండ కాచుకోవడానికి బయటికొస్తాయి. చిన్నవి, తొండపిల్లలు. చేపల మీద ఈగలు వాలతాయని చుట్టూ తిరుగుతుంటాయి" అంది.

ఆ మాటతో నాకు రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, నేను తప్పు వేళకు వచ్చాను. రెండు, ఈ తొండకు ఇక్కడ వేరే పేరు అక్కర్లేకపోయింది. చూసినవాళ్లంతా దాన్ని మామూలు తొండ పిల్ల అనుకుంటున్నారు. అది పెరిగి పెద్దదై కంచె ఎక్కుతుందని వాళ్ల లెక్క. నిజానికి అది అంతే ఉంటుంది. పెద్దదైనా పిల్లగానే లెక్కలోకి వస్తూ బతికేస్తుంది.

రెండో రోజు

తొలి బస్సుకే వెళ్లాను. ఆరున్నర.

కూర్చోవడానికి చోటు వెతుకుతూ నేలను మొదటిసారి సరిగ్గా చూశాను. నీటి అంచున తడి ఇసుక పీతలది. పోటు తెచ్చి వదిలేసిన గవ్వలూ, నాచూ, ప్లాస్టిక్ సీసాలూ ఒక గీతలా ఉన్నాయి. ఆ గీత దాటగానే బాలబంద తీగ. ఆకు నడిమికి చీలి మేక గిట్టలా ఉంటుంది, ఊదారంగు పువ్వు. దాని వెనక రావణుడి మీసం గడ్డి, ముట్టుకుంటే గుచ్చుకునే బంతులతో. గాలికి ఇసుక ఆ గడ్డి మొదళ్లలో చేరి చిన్న చిన్న దిబ్బలైంది. దిబ్బకూ దిబ్బకూ మధ్య బోడి నేల. ఆ వెనక సరుగుడు తోట. ఆ గీత నుంచి తోట దాకా అడుగులు లెక్కపెట్టాను. నూట నలభై. నాకు దొరికిన ఎడారి వెడల్పు అంత.

ఏడు ఇరవైకి మొదటి తొండ కనిపించింది. కనిపించింది అనడం కంటే, అప్పటిదాకా ఎండుపుల్ల అనుకున్నది కన్ను మూసి తెరిచిందంటే నిజం. ఒళ్లు నా చిటికెన వేలంత. తోక ఒంటికి ఒకటిన్నర రెట్లు ఉంటుంది. మట్టి రంగు. వీపు నిట్టనిలువునా ముదురు గోధుమ రంగు డైమండ్ గుర్తులు, పేకముక్కల్లో ఉండేలాంటివి, ఒకదాని కింద ఒకటి. సూర్యుడికి పక్క తిప్పి, పొట్టను ఇసుకకు ఆనించి, పక్కటెముకలు పరిచి రేకులా పల్చబడి పడుకుంది. అప్పుడు దాని రంగు బాగా ముదురుగా ఉంది. ముదురు రంగు ఎండను త్వరగా తాగుతుంది. పావుగంట పోయాక మళ్లీ చూస్తే అదే జీవి లేత ఇసుక రంగులోకి దిగింది. తొండ ముదిరితే ఊసరవెల్లి అని ఊరికే అనలేదు మనవాళ్లు. అయితే ఇది మోసానికి మార్చిన రంగు కాదు, పొద్దున్నే పొయ్యి వెలిగించుకోవడం లాంటిది. మనం ఒంట్లో వేడి కోసం అన్నం తింటాం. అది ఎండలో పడుకుంటుంది. అందుకే దానికి రోజుకు నాలుగు చీమల పుట్టలు అక్కర్లేదు, ఒక పుట్ట దారి చాలు.

చీమల మాట అతిశయోక్తి కాదు. ఎనిమిది కాకముందే అది ఒక చీమల బారు పక్కన కాపు వేసింది. తల ఒక్కటే కదులుతోంది. నాలుక చాపడం కంటికి అందదు, చీమ లేకపోవడం మాత్రమే కనిపిస్తుంది. పదకొండు దాకా లెక్కపెట్టాను. పన్నెండోది కాస్త పెద్ద గండుచీమ. దాన్ని పట్టి, నేలకు రెండుసార్లు కొట్టి, కళ్లు మూసుకుని మింగింది. తర్వాత నోటిని ఇసుకకు అటోసారి ఇటోసారి రాసుకుంది, మా తాతగారు భోజనం అయ్యాక మీసాలు తుడుచుకున్నట్టు. లేచి వెళ్లేముందు చిన్న రెట్ట వేసింది. నల్లటి గుళిక చివర తెల్లటి సున్నపు బొట్టు. ఇంట్లో బల్లి రెట్టలోనూ అదే ఉంటుంది. అది దాని మూత్రం. మనలా నీళ్లు వృథా చేయకుండా యూరిక్ ఆమ్లంగా గడ్డకట్టించి బయటికి తోస్తుంది. మంచినీటి చుక్క లేని ఈ నూట నలభై అడుగుల్లో ఆ తెల్లటి బొట్టు ఎంత పొదుపో ఆలోచిస్తుంటే, నా సీసాలో నీళ్లు అప్పటికే సగం అయిపోయాయి.

తొమ్మిదికి ఇసుక కాలడం మొదలైంది. తొండ ఒళ్లు నేలకు ఆనించడం మానేసి నాలుగు కాళ్ల మీద ఎత్తుగా నిలబడింది. తోక కూడా పైకి లేపింది. కాసేపటికి వేళ్లు కూడా పైకి ఎత్తి మడమల మీద ఆగింది. ఆఫ్రికాలో నమీబ్ ఎడారి ఇసుక దిబ్బల మీద ఉండే తొండ ఒకటి, కాలకుండా ఒక ముందు కాలూ దానికి ఎదురుగా ఒక వెనక కాలూ మార్చి మార్చి ఎత్తుతుందని వీడియోల్లో చూశాను. అంత నాట్యం ఇది చేయలేదు. దీనికి ఇంకో విద్య తెలుసు.

ఆ విద్య చూపించింది కుర్రాళ్లు. ముగ్గురు వచ్చారు, పదేళ్లవాళ్లు. పెద్దవాడి చేతిలో కొబ్బరి ఈనె, దాని చివర చిన్న ఉచ్చు. తొండ తల ముందు ఉచ్చు ఆడించి, మెడలో పడగానే లాగడం వాళ్ల ఆట. నేను వద్దనబోయి ఆగాను. ఎందుకంటే తొండల మీద పరిశోధన చేసేవాళ్లు ప్రపంచమంతటా చేసేది కూడా సరిగ్గా ఇదే, కాకపోతే వాళ్లు ఈనె బదులు గాలపు కర్ర వాడతారు. "పట్టుకుని ఏం చేస్తారు?" అని అడిగాను. "ఏమీ చేయం మాస్టారూ, వదిలేస్తాం" అన్నాడు పెద్దవాడు. చిన్నవాడు మాత్రం "నిన్న రాయితో కొట్టాడు" అని చెప్పేశాడు.

ఉచ్చు దగ్గరికి వచ్చింది. తొండ ఒక అడుగు వేసింది. తర్వాత ముందు కాళ్లు రెండూ నేల వదిలేశాయి. ఒళ్లు నిలువుగా లేచింది, తోక వెనక సమతూకానికి ఆగింది. వెనక కాళ్ల మీద, అచ్చం మనిషిలా, ఆ బోడి నేల దాటి గడ్డి దిబ్బలోకి దూరింది. మూడు సెకన్లు పట్టి ఉంటుంది. పిల్లలు ముగ్గురూ గొల్లున నవ్వారు. నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. ఫోన్ చేతిలోనే ఉంది, ఫొటో తీయాలని తట్టలేదు.

ఆ పరుగు దారి చూశాను. ఇసుక మీద వెనక పాదాల గుర్తులు మాత్రమే, ఒక్కో దాంట్లో నాలుగు గీతలు. మామూలు తొండకు వెనక పాదానికి అయిదు వేళ్లుంటాయి. సిటానాకు చిటికెన వేలు లేదు, నాలుగే. మిత్రుడు చెప్పిన గుర్తు ఇదే. పిల్లల్ని పిలిచి చూపించాను. పెద్దవాడు వంగి చాలాసేపు చూసి, "అయితే ఇది తొండపిల్ల కాదా?" అన్నాడు. కాదన్నాను. "మరి దీని అమ్మ?" అని చిన్నవాడు. ఆవిడా ఇంతే ఉంటుందని చెప్పాను. వాడికి అది నచ్చలేదు.

పదిన్నరకు అసలు ప్రదర్శన. ఎవరో ఎప్పుడో పొయ్యి పెట్టుకుని వదిలేసిన ఇటుక ఒకటి సగం ఇసుకలో ఉంది. దాని మీదికి మగది ఎక్కింది. ముందు కాళ్లు చాపి, ఛాతీ ఎత్తి, గొంతు విప్పింది. విసనకర్ర అన్న మాట సరిపోదు. గొడుగు కమ్మి తోస్తే గుడ్డ విచ్చుకున్నట్టు, గొంతు లోపలి సన్నటి ఎముక ముందుకు తోసుకొస్తే చర్మం గడ్డం నుంచి ఛాతీ దాకా అర్ధచంద్రంలా తెరుచుకుంటుంది. తెల్లటి పొలుసులు, అంచు వెంట రంపపు పళ్లలా. మధ్యగా నీలి గీత, దాని కింద తుప్పు రంగు మరక. తెరవడం, మూయడం, తెరవడం. ఏడెనిమిది సార్లు గబగబా. తర్వాత తల తిప్పి ఇంకో దిక్కుకు మళ్లీ మొదలు. సభలో నాలుగు వైపులా నమస్కారం పెట్టే నాయకుడిలా.

ఇరవై అడుగుల దూరంలో ఇంకో మగది చచ్చిన తాటిమట్ట మీద నిలబడి జవాబిచ్చింది. ఈ రెండింటికీ మధ్య ఒక ఆడది చీమలు తింటోంది. దాని గొంతుకు ఏ అలంకారమూ లేదు. వీళ్లిద్దరి గోలతో తనకు సంబంధం లేనట్టే ఉంది. రెండు మగవీ దిగి ఎదురెదురుగా వచ్చి, పక్కకు తిరిగి, ఒళ్లు ఉబ్బించి, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగాయి. తాటిమట్ట వాడు మీద పడి కరవబోయాడు, ఇటుక వాడు తప్పించుకుని తిరిగి మెడ పట్టాడు. ఈ గందరగోళంలో అప్పటిదాకా నేను చూడని మూడోది, చిన్న మగది, గొంతు విప్పకుండా గడ్డి చాటు నుంచి ఆడదాని దగ్గరికి నడిచింది.

నాకు నవ్వొచ్చింది. కాలిఫోర్నియా ఎండు నేలల్లో ఉండే ఒక చిన్న తొండ గురించి 1996లో ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పిన కథ ఇలాంటిదే. అక్కడ మగవాటి గొంతు మూడు రంగుల్లో ఉంటుంది. నారింజ గొంతువి బలశాలులు, పెద్ద జాగా ఆక్రమిస్తాయి, నీలి గొంతువాటిని తరిమేస్తాయి. నీలివి తమ జోడును కాపలా కాస్తాయి, దొంగచాటుగా వచ్చే పసుపువాటిని పట్టేస్తాయి. పసుపువి ఆడవాటిలా కనబడుతూ నారింజవాటి జాగాలోకి దూరిపోతాయి. ఒకటి రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, మూడోది మళ్లీ మొదటిదాన్ని ఓడిస్తుంది. రాయి, కాగితం, కత్తెర ఆట. అందుకే ఏ రంగూ పూర్తిగా గెలవదు, ఏదీ పూర్తిగా పోదు. మన ఇసుక తొండల్లో అలాంటి లెక్క ఉందని నేను అనడం లేదు. కానీ ఆటలో మోసాన్ని మనం తొండి అంటాం. ఆ మాటకు మూలం ఏదైనా, ఆ క్షణాన నాకు అర్థం మాత్రం ఎదురుగా నడుస్తూ కనిపించింది. ఆడది దాన్నీ పట్టించుకోలేదు. ఇంకో చీమ తింది.

పదకొండున్నరకు ఇసుక వేడి కొలవాలని బుద్ధి పుట్టింది. కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటరు సంచిలో ఉంది. ఇసుకకు గురిపెట్టి నొక్కాను. ఎర్రలైటు వెలిగి కీచుమంది. నలభై మూడు దాటిన మనిషి ఉండడని దాని నమ్మకం కాబోలు, అంకె చూపించడం మానేసింది. చెప్పు విప్పి కాలు పెట్టి చూశాను. పెట్టినంత సేపు కూడా ఉంచలేదు. చాలా రకాల తొండలకు ఒంటి వేడి నలభై దాటి ఇంకో నాలుగైదు డిగ్రీలు పెరిగితే ప్రాణాంతకమే. ఎండను తాగి బతికే జీవికి ఎండే మృత్యువు, తేడా కొద్ది డిగ్రీలు. పన్నెండు కొట్టేసరికి నాలుగూ, ఆడదానితో సహా, గడ్డి నీడల్లోకి పోయాయి. నేను తాటి ముంజలు అమ్మే ఆవిడ గొడుగు నీడలోకి పోయాను. డజను ముంజలు తిన్నాను. పన్నెండోది నేలకు కొట్టలేదు.

మూడో రోజు

ఉదయం మళ్లీ అక్కడికే వెళ్లాను. ఇటుక మీద అదే మగది. కింది పెదవి పక్కన నిన్నటి కాటు గాయం ఉంది కాబట్టి గుర్తుపట్టాను. కరెంటు తీగ మీద పాలపిట్ట ఉంది. దసరా నాడు దాన్ని చూడటానికి ఊరి చివరి దాకా నడిచేవాళ్లం చిన్నప్పుడు. మంచి శకునమే అనుకున్నాను.

తొండ గొంతు విప్పింది. మూడోసారి విప్పినప్పుడు తీగ మీద నుంచి నీలిరంగు ఒకటి జారింది. చప్పుడు లేదు. పాలపిట్ట మళ్లీ తీగ మీద వాలినప్పుడు దాని ముక్కున తొండ అడ్డంగా ఉంది. దాన్ని తీగకు అటూ ఇటూ బాదింది. తోక తెగి పడలేదు. బల్లికైతే తోక వదిలి పారిపోయే సౌకర్యం ఉంది, తొండ జాతుల్లో చాలావాటికి లేదు. నిన్న నేను రెండు గంటలు చూసిన జీవి అర నిమిషంలో తల ముందుగా లోపలికి పోయింది.

గొంతు విప్పడం అంటే ఆడదానికి ఒక్కదానికే చెప్పడం కాదు, ఆకాశానికి కూడా చెప్పడమే. మహారాష్ట్రలో సతారా దగ్గర చాల్కేవాడీ పీఠభూమి మీద దీని బంధువు ఒకటి ఉంది. నీలం, నలుపు, నారింజ కలిసిన గొంతుతో ఇంతకంటే ఆడంబరమైనది. 2016లో ఆ బంధువర్గానికి వేరే పేరు పెట్టారు, సారడా అని. మరాఠీలో ఆ మాటకు తొండ అని అర్థం. మనకు సరదా అని వినిపిస్తే అది వాళ్ల తప్పు కాదు. ఆ పీఠభూమి మీద గాలిమరలు పెట్టారు. మరలున్న చోట గద్దల లాంటి వేటపక్షులు బాగా తగ్గాయనీ, తొండలు పెరిగాయనీ, పైగా మనిషి దగ్గరికొచ్చినా అంత తొందరగా పారిపోవడం లేదనీ 2018లో అచ్చయిన పరిశోధన చెప్పింది. భయపెట్టేవాడు లేకపోతే తొండ నడత కూడా మారిపోతుందన్నమాట. ఇక్కడ తీగ ఉంది, తీగ మీద పిట్ట ఉంది. పది నిమిషాల్లో తాటిమట్ట వాడు వచ్చి ఇటుక ఎక్కాడు. ముందు తల ఎత్తి తీగ వైపు చూశాడని నాకు అనిపించింది. అనిపించిందంతే.

మనసు బాగా లేక బస్సెక్కి శాలిహుండం వెళ్లాను. వంశధార ఒడ్డున కొండ, కొండ మీద బౌద్ధుల స్తూపాలు. 1919లో ఈ శిథిలాల్ని మొదట గుర్తించినవారు గిడుగు వెంకట రామమూర్తి. మనం మాట్లాడే భాషలోనే రాయాలని పోరాడినవారు. ఆయన పుణ్యాన తొండను తొండ అనే రాస్తున్నాను, లేకపోతే సరటము అని రాయాల్సి వచ్చేది. ఇటుక స్తూపం మీద తలా భుజాలూ ఎర్రబారి, పక్కలు నల్లబడ్డ రాతి తొండ ఒకటి దండీలు తీస్తోంది. అది అందంగానే ఉంది. నాకు దాని మీద ధ్యాస లేదు.

సాయంత్రం శ్రీకాకుళం నుంచి సోంపేట బస్సు. దారంతా నిద్ర.

నాలుగో రోజు

సోంపేట నుంచి బారువ ఆటోలో వెళ్లాను. ఈ ప్రాంతం పేరు ఉద్దానం, అంటే ఉద్యానవనమే. దారికి రెండు వైపులా కొబ్బరి, జీడి, పనస. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తోటల్ని ఎలా నేలమట్టం చేసిందో ఆటో డ్రైవరు దారి పొడవునా చెప్పాడు. వాళ్ల నాన్న పెట్టిన కొబ్బరి చెట్లు ఒక్క రాత్రికి పోయాయట. కొత్త మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. "కొబ్బరి చెట్టు పోతే కొడుకు పోయినట్టే సార్" అన్నాడు. తొండల సంగతి అతనికి చెప్పబుద్ధి కాలేదు.

బారువలో మహేంద్రతనయ నది సముద్రంలో కలుస్తుంది. చలికాలం చివర్లో సముద్రపు తాబేళ్లు ఈ ఒడ్డుకు గుడ్లు పెట్టడానికి వస్తాయి. నేను వెళ్లేసరికి ఆ కాలం ముగిసింది. తీరం వెంట సరుగుడు తోపు దట్టంగా ఉంది. గాలివానను ఆపడానికి నాటిన చెట్లు, ఊరికి అవి అవసరమే. తోపు లోపల గంటసేపు నడిచాను. చల్లగా ఉంది. నేల మీద ఎండు సూదుల పరుపు, అడుగు వేస్తే మెత్తగా దిగుతుంది. ఒక్క చీమల బారు లేదు, ఒక్క తొండ లేదు. నాకు హాయిగా ఉన్న చోటల్లా వాటికి చోటు కాదన్న సంగతి అప్పటికి బాగా అర్థమైంది. ఎండ మొహాన కొట్టే చోటు వెతకాలి.

తోపు చివర, ఊరి వైపు, అలాంటి చోటు దొరికింది. అర ఎకరం బోడి ఇసుక, నాలుగు మూలలా సున్నం కొట్టిన సరిహద్దు రాళ్లు, మధ్యలో అమ్మబడును అన్న బోర్డు. కాపలా పెద్దాయన కొబ్బరి చెట్టు కింద మంచం వేసుకుని ఉన్నాడు. పక్కన గుంజకు మేక. నన్ను చూసి లేచాడు.

"కొనడానికి వచ్చారా?"

"లేదు బాబాయ్, ఊరికే చూస్తున్నాను."

"చూడటానికి ఏముంది? ఖాళీ స్థలం" అని మళ్లీ కూర్చున్నాడు.

తూర్పు మూల రాయి మొదట్లో ఇసుక చిమ్ముతోంది. దగ్గరికి వెళ్లకుండా పది అడుగుల దూరంలో గొంతుక్కూర్చున్నాను. ఆడ తొండ. పొట్ట రెండు పక్కలా ఉబ్బి, లోపల గుడ్ల గుండ్రాలు చర్మం మీదికి తేలి కనిపిస్తున్నాయి. ముందు కాళ్లతో తవ్వుతోంది. నాలుగు సార్లు కుడి కాలు, నాలుగు సార్లు ఎడమ కాలు, తర్వాత వెనక కాళ్లతో ఆ ఇసుకను బయటికి తన్నడం. పైన పొడి ఇసుక జారి మళ్లీ గుంతలో పడుతుంది. అది మళ్లీ తవ్వుతుంది. మధ్యలో ఆగి, నోరు తెరిచి, ఆయాసం తీర్చుకుంటుంది. కింద తడి ఇసుక రంగు కనబడేసరికి ముప్పావు గంట పట్టింది. అప్పుడు వెనక్కి తిరిగి, తల బయటికి ఉంచి, గుంతలో కూర్చుంది. కళ్లు సగం మూసుకుంది.

"ఏం పోగొట్టుకున్నారు?" పెద్దాయన నా వెనక నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో తెలియదు.

వేలితో చూపించాను. ఆయన కళ్లు చికిలించి చూసి, నా పక్కనే గొంతుక్కూర్చున్నాడు. "తొండపిల్ల" అన్నాడు. కాసేపాగి, "పిల్లకు గుడ్లేమిటి?" అన్నాడు.

గుడ్లు పెట్టడం అయ్యాక అది బయటికి వచ్చి ఇసుక లోపలికి తోసింది. తోసిన ప్రతిసారీ మూతితో అదిమింది, రోటిలో పచ్చడి దంచినట్టు, చిన్న చిన్న పోట్లు. పైన ఎండు పరకలు రెండు లాగి వదిలింది. అప్పటికి దాని పొట్ట సంచిలా వేలాడుతోంది, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. చివరిగా ఆ చోటు మీద అటూ ఇటూ నడిచింది. ఇక ఎక్కడ తవ్విందో నాకే తెలియకుండా పోయింది. మా ఇద్దరి వైపూ ఒకసారి చూసి, వెనక కాళ్ల మీద లేచి, రాయి నీడలోకి పరుగు తీసింది.

రోడ్డు మీద ఆటో హారను మోగింది. రైలు వేళైంది. లేచి పంచె దులుపుకుంటున్న పెద్దాయన నాతో ఏమీ అనలేదు. మేక దగ్గరికి వెళ్లి, గుంజ పీకి, తూర్పు మూల నుంచి దూరంగా, తాడు అంత దూరం రాకుండా అడుగులు కొలుచుకుని, మళ్లీ పాతడం మొదలుపెట్టాడు.